మూతికి మాస్కు, చేతిలో కవరు

2020 అక్టోబరు, ఒక శనివారం సాయంత్రం. నా మొదటి అమెరికా ఓటు మా భోజనాల బల్ల మీద పడి ఉంది. బ్యాలెట్ కాగితం, దాన్ని పెట్టడానికి ఒక కవరు, ఆ కవరును పెట్టడానికి ఇంకో కవరు, పై కవరు మీద ప్రమాణం, ప్రమాణం కింద సంతకం. ఆ సంతకం ఎన్నికల కార్యాలయంలో ఉన్న నా పాత సంతకంతో కలవాలి. ఒకసారి పెట్టినట్టు ఇంకోసారి సంతకం పెట్టే అలవాటు నాకు లేదు. పనికిరాని కాగితం మీద ఐదారుసార్లు సాధన చేసి, పరీక్ష రాస్తున్నవాడిలా ఊపిరి బిగబట్టి పెట్టాను.

మా ఆవిడ పక్కనే కూర్చుని చూస్తోంది. ఆమెకు ఓటు లేదు. పౌరసత్వానికి ఇంటర్వ్యూ అయిపోయి ప్రమాణం ఒక్కటే మిగిలిన సమయంలో, మార్చి 18న దేశమంతటా ఆ కార్యక్రమాలు ఆగిపోయాయి. జూన్‌లో మళ్ళీ మొదలయ్యాయి గానీ ఆమె వంతు వచ్చేసరికి అక్టోబరు 5 దాటిపోయింది. జార్జియాలో ఓటరుగా నమోదు కావడానికి అది ఆఖరు తేదీ. వైరస్ ఎన్నికల మీద ఏం ప్రభావం చూపిందని ఎవరైనా అడిగితే నాకు ముందు గుర్తొచ్చేది ఇదే: మా ఇంట్లో రెండు ఓట్లు ఉండాల్సింది, ఒకటే ఉంది.

అప్పుడే బావగారు ఫోన్ చేశారు. మా అక్కయ్య భర్త. అట్లాంటాకు ఉత్తరాన, మా ఫోర్సైత్ కౌంటీలోనే (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) రెస్టారెంటు నడుపుతారు. కవరు సంగతి చెప్పగానే పగలబడి నవ్వారు. "కవరులో పెట్టి పంపేది ఓటు కాదోయ్, పెళ్ళి శుభలేఖ. నేను నవంబరు 3న వెళ్ళి, వరుసలో నిలబడి వేస్తాను. నా ఓటు నా కళ్ళముందే మిషన్లో పడాలి." ఎవరికి వేస్తారో నేను అడగలేదు. ఎవరికి వేశానో ఆయనా అడగలేదు. కవరు చెప్పేసింది, వరుస చెప్పేసింది.

ఆ ఒక్క సంభాషణలో ఉన్న వింతే ఈ వ్యాసమంతా. ఓటు ఎవరికన్నది కాదు, ఓటు ఎలా వేశామన్నదే మన పార్టీని చాటే రోజు వచ్చింది. మహమ్మారి అమెరికా ఓటరు మనసు మార్చిందా అని అప్పటినుంచి చాలామంది చాలా రాశారు. నా అభిప్రాయం వేరు. వైరస్ వచ్చి అమెరికన్ల రాజకీయాన్ని మార్చలేదు. అప్పటికే రెండుగా చీలిన ఆ రాజకీయమే, వైరస్ అంటే ఏమిటో ఇంటింటికీ వేరు వేరుగా నిర్ణయించింది. ఆ తరువాత వచ్చిన ఖర్చుల బిల్లును మాత్రం జనం పార్టీ చూడకుండా చదివారు.

1960లో అమెరికన్లను ఒక సర్వేలో అడిగారు: మీ అబ్బాయో అమ్మాయో అవతలి పార్టీవాళ్ళ సంబంధం చేసుకుంటే మీకు బాధ కలుగుతుందా? నూటికి సుమారు ఐదుగురు అవునన్నారు. 2010లో అలాంటి ప్రశ్నే అడిగితే రిపబ్లికన్లలో దాదాపు సగం మంది, డెమోక్రాట్లలో మూడోవంతు మంది అవునన్నారు. ఊరు, శాఖ, గోత్రం ఆరా తీసి గాని పెళ్ళిచూపులకు బయలుదేరని జాతి మనది; ఈ లెక్క మనకు ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు. అక్కడ పార్టీ కులమైపోయింది. కులం పట్టింపు జ్వరం వస్తే పోదు.

దాని ఫలితం బ్యాలెట్ మీద కనిపిస్తూనే ఉంది. అమెరికాలో ఒకే కాగితం మీద అధ్యక్షుడికీ సెనేటర్‌కూ విడివిడిగా ఓటు వేస్తారు కదా. ఒకప్పుడు పైన ఒక పార్టీకి, కింద ఇంకో పార్టీకి వేయడం మామూలు విషయం. 2016లో సెనేట్ ఎన్నిక జరిగిన 34 రాష్ట్రాల్లోనూ అధ్యక్ష పదవికి గెలిచిన పార్టీయే సెనేట్ సీటూ గెలిచింది. 2020లో ఈ లెక్క తప్పినది మెయిన్ అనే ఒక్క రాష్ట్రం. బైడెన్‌ను గెలిపించిన ఆ ఓటర్లే రిపబ్లికన్ సుసాన్ కాలిన్స్‌నూ గెలిపించారు.

ఇలాంటి దేశానికి మహమ్మారి వచ్చింది.

ఓటర్ల గురించి ఒక పాత వాదం ఉంది. 1916 వేసవిలో న్యూజెర్సీ తీరంలో సొరచేపలు దాడి చేసి నలుగురిని చంపాయి. ఆ ఏడాది ఎన్నికల్లో ఆ తీరప్రాంతంలో ఉడ్రో విల్సన్‌కు ఓట్లు తగ్గాయని, జనం తమ కష్టానికి బాధ్యుడెవరని చూడకుండా గద్దె మీద ఉన్నవాడిని శిక్షిస్తారని ఇద్దరు రాజనీతి పండితులు వాదించారు. ఆ లెక్క నిలవదని మరికొందరు ఖండించారు. వర్షాలు పడకపోతే రాజును తిట్టుకునే దేశం నుంచి వచ్చినవాడిని కాబట్టి నాకా వాదం సహజంగానే తోచింది. అది నిజమైతే 2020లో ట్రంప్ చిత్తుగా ఓడిపోవాలి. పోలింగ్ నాటికి 2 లక్షల 30 వేలకు పైగా అమెరికన్లు చనిపోయారు. అధ్యక్షుడే అక్టోబరు మొదట్లో వైరస్ సోకి ఆసుపత్రిలో చేరాడు. అయినా ఆయనకు 7 కోట్ల 40 లక్షలకు పైగా ఓట్లు వచ్చాయి, 2016 కంటే కోటీ పది లక్షలు ఎక్కువ. బైడెన్‌కు 8 కోట్ల 10 లక్షలు. ఓటు హక్కు ఉన్నవారిలో మూడింట రెండు వంతుల మంది ఓటేశారు. అంత పోలింగ్ 1900 తరువాత మళ్ళీ అప్పుడే. (అదే ఏడాది డిసెంబరులో హైదరాబాద్ నగరపాలక ఎన్నికల్లో నూటికి 46 మందే బయటికి వచ్చారు. మనవాళ్ళు వైరస్‌ను సాకుగా వాడుకోవడంలో ఎవరికీ తీసిపోరు.)

ఇంకోలా కూడా జరగవచ్చు. ఆపదలో దేశం నాయకుడి వెనక నిలబడవచ్చు. 2001 సెప్టెంబరు దాడుల తరువాత గాలప్ సర్వేలో జార్జ్ బుష్‌ను మెచ్చుకున్నవారు నూటికి 90. 2020 మార్చిలో ట్రంప్‌కు దక్కింది 49, అదీ కొద్దివారాలే. ఆపద ఆయనను పైకి లేపలేదు, కింద పడేయనూ లేదు. ఓట్లేసి బయటికి వచ్చినవారిని మీకు ముఖ్యమైన సమస్య ఏదని అడిగితే, మహమ్మారి అన్నవారిలో అత్యధికులు బైడెన్‌కు వేసినవారు, ఆర్థిక వ్యవస్థ అన్నవారిలో అత్యధికులు ట్రంప్‌కు వేసినవారు. దీన్ని చూసి, సమస్యను బట్టి పార్టీని ఎంచుకున్నారని పత్రికలు రాశాయి. నాకు తలకిందులుగా కనిపించింది. పార్టీని బట్టి సమస్యను ఎంచుకున్నారు.

పోలింగ్ పద్ధతి దగ్గర మాత్రం వైరస్ నిజంగా చేయి పెట్టింది. ఆ ఏప్రిల్ 7న విస్కాన్సిన్‌లో ఎన్నిక వాయిదా వేయడానికి గవర్నర్ చేసిన ప్రయత్నాన్ని ముందురోజే రాష్ట్ర సుప్రీంకోర్టు కొట్టేసింది. మిల్వాకీ నగరంలో మామూలుగా 180 పోలింగ్ కేంద్రాలు ఉండేవి, సిబ్బంది రాక ఆ రోజు ఐదే తెరిచారు. మాస్కులు కట్టుకుని జనం గంటల తరబడి నిలబడ్డారు. వరుసలు పొడవైతే పట్టణాల్లో ఓటు తగ్గి రిపబ్లికన్లకు మేలు జరుగుతుందని అందరూ లెక్కలు కట్టారు. ఆ రోజు ఎన్నిక జరిగిన రాష్ట్ర సుప్రీంకోర్టు న్యాయమూర్తి పదవికి డెమోక్రాట్లు బలపరచిన ఉదారవాద అభ్యర్థే గెలిచింది. జనాన్ని అడ్డుకుంటే జనానికి పౌరుషం పుడుతుందన్నది ఏ లెక్కలోనూ వేయలేదు మరి.

ఆ తరువాతే కవరుకు రంగు పడింది. అంతకుముందు దానికి పార్టీ లేదు. అంతర్యుద్ధ కాలంలో సైనికులు యుద్ధభూమి నుంచి ఓట్లు పంపారు. ఆరెగన్‌లో అప్పటికే ఇరవై ఏళ్ళుగా అందరూ తపాలాలోనే వేస్తున్నారు, రిపబ్లికన్ల కోట అయిన యూటాలోనూ 2020 నాటికి దాదాపు అందరిదీ అదే పద్ధతి. మా జార్జియాలో కారణం చెప్పనక్కరలేకుండా ఎవరైనా కవరు ఓటు అడగవచ్చని 2005లో చట్టం చేసింది రిపబ్లికన్ ప్రభుత్వమే. పెన్సిల్వేనియా 2019లో చేసిన చట్టానికీ రిపబ్లికన్ల ఓట్లు పడ్డాయి. వేసవి పొడవునా ట్రంప్ కవరు ఓటంటే మోసమని చెబుతూ వచ్చాడు. అంతే, అక్టోబరుకల్లా బావగారికి అది శుభలేఖ అయింది. నవంబరులో జార్జియాలో తపాలా ఓట్లలో బైడెన్‌కు మూడింట రెండు వంతులకు దగ్గరగా వచ్చాయి, పోలింగ్ రోజు మిషన్లలో ట్రంప్‌ది పైచేయి.

ఇక్కడ అమెరికా ఎన్నికల యంత్రాంగం గురించి ఒక మాట చెప్పకపోతే మన పాఠకులకు అర్థం కాదు. అక్కడ మన ఎన్నికల సంఘం లాంటిది లేదు. లెక్కింపు కౌంటీల పని, నియమాలు రాష్ట్రాలవి. ఫ్లోరిడాలో కవరు ఓట్లను పోలింగ్ కంటే వారాల ముందే పరిశీలించి సిద్ధం చేసుకోవచ్చు. పెన్సిల్వేనియాలో, విస్కాన్సిన్‌లో పోలింగ్ రోజు ఉదయం దాకా కవరు చింపకూడదు. అందువల్ల ఆ రాత్రి పెన్సిల్వేనియాలో ముందు మిషన్ల ఓట్లు లెక్కకొచ్చి ట్రంప్‌కు 6 లక్షలకు పైగా ఆధిక్యం కనిపించింది. తరువాత నాలుగు రోజులు కవర్లు చింపుతూ పోతే అది కరిగిపోయి, చివరికి బైడెన్ సుమారు 80 వేలతో గెలిచాడు. ఇలా జరుగుతుందని నెలల ముందే నిపుణులు చెప్పారు. చెప్పినా ఏం లాభం? రాత్రి ముందున్న మనిషి తెల్లారి వెనకబడితే దొంగతనమే జరిగిందని నమ్మడానికి సగం దేశం సిద్ధంగా ఉంది. బావగారికి నేను బిహార్ గుర్తుచేశాను. అదే నవంబరు 10న అక్కడ కోవిడ్ కోసం బూత్‌లు పెంచడం వల్ల మిషన్లు పెరిగి లెక్కింపు అర్ధరాత్రి దాకా సాగింది. "బిహార్‌తో పోలుస్తావా అమెరికాను?" అన్నారు. ఆ ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేదు, ఇప్పటికీ లేదు.

జార్జియాలో తేడా 11,779. యాభై లక్షల కాగితాలను చేత్తో లెక్కపెట్టారు, మళ్ళీ మిషన్‌తో లెక్కపెట్టారు, గెలిచినవాడు మారలేదు. జనవరి 2న ట్రంప్ మా రాష్ట్రంలో ఎన్నికలను పర్యవేక్షించే రాష్ట్ర కార్యదర్శి బ్రాడ్ రాఫెన్స్‌పెర్గర్‌కు ఫోన్ చేసి 11,780 ఓట్లు వెతికిపెట్టమన్నాడు. ఆ సంభాషణను లోకమంతా విన్నది. అంతకు ఆరువారాల ముందు రాఫెన్స్‌పెర్గర్ చెప్పిన ఇంకో లెక్క అంతగా ఎవరి చెవినా పడలేదు. జూన్‌లో పార్టీలు తమ అభ్యర్థులను ఎంచుకునే ప్రాథమిక ఎన్నికల్లో తపాలాలో ఓటేసిన రిపబ్లికన్లలో 24 వేల మంది నవంబరులో అసలు ఓటే వేయలేదని, కవరును నమ్మవద్దని సొంత నాయకుడే చెప్పడం వల్ల వాళ్ళు ఆగిపోయారని, వాళ్ళు వేసి ఉంటే ట్రంప్ గెలిచేవాడని ఆయన వాదన. ఆయనా రిపబ్లికనే. ఆ 24 వేల మంది మనసులో ఏముందో ఎవరం చూడలేదు గానీ, వాదన నాకు నమ్మదగ్గదిగానే ఉంది. వైరస్‌కు భయపడి ఇంట్లో ఉండాలి, కవరు ముట్టకూడదు. ఇక ఒక ముసలి రిపబ్లికన్ ఓటెలా వేస్తాడు?

ఆరిజోనాలో తేడా 10,457. విస్కాన్సిన్‌లో 20,682. జార్జియాతో కలిపి 43 వేల లోపు. ఈ మూడూ అటు తిరిగితే, రాష్ట్రాలవారీగా లెక్కించి అధ్యక్షుడిని తేల్చే ఎలక్టోరల్ ఓట్లు చెరి 269 అయ్యేవి. ఇంత సన్నని దారం మీద నడిచిన ఎన్నికలో వైరస్ ప్రభావం లేదని నేనెలా అంటాను? మహమ్మారి రాకపోయి ఉంటే ట్రంప్ గెలిచేవాడనే నా నమ్మకం. నిరూపించలేను. కోట్లమంది కదలకుండా ఉన్నచోట కొద్దివేల మంది కదిలారు, అది సరిపోయింది.

ఇంతవరకు చదివి నేను ఏ పక్షమో మీరు ఊహించే ఉంటారు. కాబట్టి నా పక్షం గురించి బావగారు చెప్పినవి కూడా రాయాలి.

2020 ఏప్రిల్‌లో గవర్నర్ బ్రయన్ కెంప్ దాదాపు అందరికంటే ముందు జార్జియాను తెరిచాడు. 24న జిమ్ములు, క్షౌరశాలలు, 27న రెస్టారెంట్లు. తొందరపడ్డాడని ట్రంపే విమర్శించాడు. నేను ఆ రాత్రి బావగారికి ఫోన్ చేసి పెద్ద ఉపన్యాసం ఇచ్చాను. ఆయన అంతా విని, "నీకు ఇంట్లో కూర్చుంటే జీతం వస్తుంది. నాకు ఇంట్లో కూర్చుంటే అద్దె నోటీసు వస్తుంది" అన్నారు. ఆయన వంటవాళ్ళు ఇద్దరు అప్పటికే పని మానేసి వెళ్ళిపోయారు. ఆ మాట నన్ను చాలాకాలం గుచ్చుకుంది. నేను విజ్ఞానశాస్త్రం అనుకున్నదానిలో నా ఉద్యోగ సౌకర్యం ఎంత కలిసి ఉందో నేను చూసుకోలేదు. కంప్యూటర్ ముందు కూర్చునే చదువుకున్న పట్టణవాసులు ఎక్కువగా డెమోక్రాట్లవైపు జరుగుతున్న కాలమది. చిన్న వ్యాపారం, చేతిపని ఇటు, ల్యాప్‌టాప్ అటు. మాస్కు మీద గొడవ కొంతవరకు ఈ గొడవే.

ప్రచారంలోనూ అలాగే జరిగింది. డెమోక్రాట్లు చాలా నెలలపాటు ఇంటింటికీ తిరగడం మానేశారు, రిపబ్లికన్లు తలుపులు తడుతూనే ఉన్నారు. టెక్సాస్ సరిహద్దులో, దాదాపు అందరూ లాటినోలే ఉండే స్టార్ కౌంటీలో 2016లో హిల్లరీ క్లింటన్‌కు 60 పాయింట్ల ఆధిక్యం ఉంటే, బైడెన్‌కు ఐదు మిగిలింది. దానికి కారణాలు ఎన్నో ఉన్నాయి, తలుపు తట్టకపోవడం కూడా ఒకటని నా అనుమానం. సర్వేలు కూడా అందుకే బోల్తా పడ్డాయని కొందరు అంటారు: ఇంట్లో కూర్చున్న నాలాంటివాళ్ళు ఫోనెత్తి వివరంగా సమాధానాలు చెప్పారట, బావగారు వంటగదిలో ఉన్నారట.

టీకా కథ ఇంకా విచిత్రం. దాన్ని తొందరపెట్టిన కార్యక్రమం ట్రంప్ ప్రభుత్వానిది. అక్టోబరులో ఉపాధ్యక్ష అభ్యర్థుల చర్చలో కమలా హారిస్, వైద్యులు చెబితే ముందు వరుసలో నిలబడతాను గానీ ట్రంప్ చెబితే మాత్రం వేయించుకోనని అన్నది. పోలింగ్ అయిన ఆరు రోజులకు, నవంబరు 9న, తమ టీకా 90 శాతానికి పైగా పనిచేస్తోందని ఫైజర్ ప్రకటించింది. అధ్యక్షుడు మారాడు, అనుమానం కూడా ఇటువాళ్ళ చేతిలోంచి అటువాళ్ళ చేతిలోకి మారింది. 2021 ఆగస్టులో అలబామాలోని కల్మన్‌లో ట్రంప్ తన సొంత సభలో, నేను వేయించుకున్నాను, మీరూ వేయించుకోండి అంటే కొందరు కేకలేసి అడ్డుకున్నారు. ఆయన సృష్టించిన గాలి ఆయన మాట వినలేదు. యేల్ పరిశోధకులు ఒహాయో, ఫ్లోరిడాలలో మరణాలను ఓటర్ల జాబితాలతో కలిపి చూశారు. టీకా అందరికీ అందిన తరువాత, ఉండవలసిన దానికంటే అదనంగా సంభవించిన మరణాల రేటు రిపబ్లికన్లలో డెమోక్రాట్లకంటే 43 శాతం ఎక్కువ. పార్టీ కార్డు ఇక్కడ ప్రాణాల మీదికి తెచ్చింది. అయినా ఆ మరణాలు ఎవరి ఓటునూ కదిలించిన దాఖలా నాకు కనిపించదు. మా అక్కయ్య ఎంత పోరినా డిసెంబరుదాకా వేయించుకోని బావగారు, బూస్టర్ దగ్గర మాత్రం నాకంటే ముందున్నారు. కారణం ఇండియా ప్రయాణం.

మరణాలు కదిలించలేనిదాన్ని బడులు కదిలించాయి. మా కౌంటీలో 2020 ఆగస్టులోనే బడి తెరిచారు, కావాలంటే ఇంటినుంచి చదువుకోమన్నారు. మా అక్కయ్య పిల్లలు బడికి వెళ్ళారు. మా రెండో తరగతి పిల్లవాడు ఏడాదిపాటు తెర ముందు కూర్చున్నాడు. అది వైద్యుడి సలహా అని అప్పట్లో చెప్పుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, బావగారు పంపుతున్నారు కాబట్టి నేను పంపలేదేమో అనిపిస్తుంది. చాలా డెమోక్రాటిక్ నగరాల్లో బడులు ఇంకా ఎక్కువకాలం మూసి ఉన్నాయి. బైడెన్ పది పాయింట్లతో గెలిచిన వర్జీనియాలో, ఏడాది తిరిగేసరికి గ్లెన్ యంగ్‌కిన్ తల్లిదండ్రుల కోపాన్ని పట్టుకుని గవర్నర్ అయ్యాడు.

తరువాత ధరలు వచ్చాయి. మూతపడిన కర్మాగారాలు, ఆగిన ఓడలు, ఇద్దరు అధ్యక్షులూ పంచిన లక్షల కోట్ల డాలర్లు కలిసి 2022 జూన్‌లో ద్రవ్యోల్బణాన్ని 9.1 శాతానికి తీసుకెళ్ళాయి. మరణాల సంఖ్యను నమ్మకుండా ఉండవచ్చు, కోడిగుడ్ల ధరను నమ్మకుండా ఉండలేం. 2024లో ట్రంప్ 312 ఎలక్టోరల్ ఓట్లతో తిరిగి వచ్చాడు. ఆ ఏడాది బ్రిటన్‌లో కన్సర్వేటివ్‌లు కుప్పకూలారు, జపాన్‌లో పాలకపక్షం దిగువసభలో మెజారిటీ పోగొట్టుకుంది. అమెరికా ప్రచార సభల్లో మహమ్మారి ఊసు దాదాపు లేదు. సొరచేపల వాదం నాలుగేళ్ళు ఆలస్యంగా నిజమైందా అనిపించింది. వైరస్‌ను పార్టీ కళ్ళద్దాలతో చూసినవాళ్ళు, వైరస్ మిగిల్చిన బిల్లును మామూలు కళ్ళతో చూశారు.

జార్జియా ఓటరు మరీ అంత మొండి కాదని కూడా చెప్పాలి. 2022లో కెంప్‌ను గవర్నర్‌గా ఏడు పాయింట్లకు పైగా ఆధిక్యంతో గెలిపించిన రాష్ట్రమే, సెనేట్‌కు రిపబ్లికన్ హెర్షెల్ వాకర్‌ను కాదని డెమోక్రాట్ రఫాయెల్ వార్నాక్‌ను పంపింది. కెంప్‌కు వచ్చిన ఓట్లకంటే వాకర్‌కు సుమారు 2 లక్షలు తగ్గాయి. ఆ 2 లక్షల్లో మా బావగారు ఒకరు. "తెరిచినవాడికి వేశాను, ఏమీ తెలియనివాడికి వేయలేదు" అన్నారు. అంత శుభ్రమైన రాజకీయ విశ్లేషణ నేను టీవీలో వినలేదు.

2024 అక్టోబరు 12, శనివారం. బావగారి ఫోన్. మర్నాడు ఆదివారం హైదరాబాద్ ప్రయాణం, మేనకోడలి పెళ్ళి. నవంబరు 5కు తిరిగి రారు. ముందస్తు ఓటింగ్ 15న గాని మొదలుకాదు. ఈసారి ట్రంప్ కూడా ముందే వేయండి, తపాలాలో అయినా వేయండి అంటున్నాడు. అందుకని బ్యాలెట్ తెప్పించుకున్నారు, అది ఆ రోజే వచ్చింది.

"ఈ సంతకం ఎక్కడ పెట్టాలోయ్?"

చెప్పాను. ఇప్పుడు సంతకం పోల్చరు, డ్రైవింగ్ లైసెన్స్ నంబరు కూడా రాయాలని చెప్పాను.

"సరే. పోస్టును నేను నమ్మను. అప్పుడు నువ్వు కవరు వేశావే, బయట డబ్బా, అదెక్కడ?"

"ఇప్పుడది బయట లేదు బావగారూ. 2021లో చట్టం మార్చారు. ముందస్తు ఓటింగ్ జరిగే చోట లోపల పెడతారు, ఓటింగ్ మొదలైతేనే తెరుస్తారు."

"మరి రేపు వెళ్ళేవాడు ఏం చేయాలి? ఎవడు పెట్టాడు ఆ రూలు?"

నేను పెళ్ళికి ఏం తీసుకెళ్తున్నారని అడిగాను.